సీసం కళ్ళద్దాలూ, సూదీ దారమూ

ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ గుండె డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. భోజనం వేళలోగా మూడు జతల కళ్ళద్దాల్లో ఒకటి ఎంచుకోవాలి. ఆ సంగతి ఆసుపత్రి పెద్దాయనకు ఫోన్లో చెప్పాలి. తరవాత కడుపునిండా తిని, సాయంత్రం దాకా ముసుగుతన్ని పడుకోవాలి. ఎవరికీ ఏ ఇబ్బందీ లేని పథకం.

ఆ కళ్ళద్దాలు మామూలువి కావు, సీసం కలిపినవి. గుండె డాక్టరు పనంతా ఎక్స్‌రే గదిలోనే. రోగిని బల్ల మీద పడుకోబెట్టి, చేతి రక్తనాళంలోంచి సన్నటి తీగను గుండెదాకా తోస్తూ, అది ఎటు పోతోందో పక్కనున్న తెర మీద చూస్తుంటాడు. ఎక్స్‌రే కిరణాలు రోగి ఒంటికి తగిలి చెదిరి, వాటిలో కొన్ని డాక్టరు కళ్ళలోకి వస్తుంటాయి. ఒంటికి సీసం కోటుంది. కళ్ళకి మాత్రం ఏమీ లేదు, ఎందుకంటే ఆయనకు కళ్ళద్దాలంటే గిట్టదు. ఒకసారి ఎవరో బలవంతాన పెట్టిస్తే, అవి ముక్కు మీంచి జారి సరాసరి రోగి ఛాతీ మీద పడ్డాయి. మెలకువగానే ఉన్న ఆ రోగి తలెత్తి, "లోపల్నుంచి వచ్చాయా డాక్టరుగారూ?" అని అడిగాడు. ఆ మాట ఆసుపత్రంతా తిరిగింది. గుండె డాక్టరు మళ్ళీ వాటి జోలికి పోలేదు.

వారం కిందట భార్య ఆయన కళ్ళలోకి చాలాసేపు చూసింది. ప్రేమతో కాదు, పరికరంతో. ఆవిడ కంటి డాక్టరు. ఎడమ కంట్లో, ఆ కిరణాల పుణ్యమా అని, శుక్లం మొదలవుతున్న జాడ కనబడింది. చిన్న మసక, ఇప్పుడప్పుడే చూపుకేం ఢోకా లేదు. అయినా ఆ పూట ఆవిడకు అన్నం సయించలేదు.

"ఆదివారంలోగా అద్దాలు ఎంచుకోండి. లేకపోతే నేనే పెద్దాయనకి చెప్పేస్తాను. ఇక మిమ్మల్ని ఆ గది గుమ్మం తొక్కనివ్వరు," అంది.

ఆ గది లేకపోతే గుండె డాక్టరుకు తోచదు, తోచకపోతే బతకలేడు. పైగా సోమవారం మొదటి కేసు పక్కింటి బాబాయిగారిది. "నా గుండె నీ చేతుల్లో పెడుతున్నా అబ్బాయ్, ఇంకెవరి చేతుల్లోనూ పెట్టను," అని ఆయన మెట్ల మీద కనబడినప్పుడల్లా అంటున్నాడు.

పరీక్షకు ఏర్పాట్లు కంటి డాక్టరే చేసింది. హాల్లో కిటికీల తెరలు దించేసింది. భోజనాల బల్ల మీద తలగడని రోగిలా పడుకోబెట్టి దుప్పటి కప్పింది. టీవీని ఆసుపత్రి తెరలా పక్కకు జరిపింది. తను టార్చి పట్టుకుని బల్ల పక్కన నేల మీద కూర్చుంది.

"మీరు తెర వంక చూస్తూ పని చేస్తుంటారు. కిరణాలేమో కిందనుంచి, ఎడమ పక్కనుంచి వస్తాయి. ఈ టార్చి వెలుతురు దూరిన చోట అవీ దూరతాయి. అద్దాలు ఎంత మందమైతేనేం, సందులుంటే దండగ," అంది.

మొదటి జత సన్నగా, సొగసుగా ఉంది. గుండె డాక్టరు అద్దం ముందు అటు తిరిగి, ఇటు తిరిగి మురిసిపోయాడు.

"హీరోలా ఉన్నాను కదూ?"

"టార్చి వెలుతురు కంట్లో పడుతోందా?"

"బోలెడంత."

"అయితే తీసెయ్యండి హీరోగారూ."

రెండో జత పెద్దది, ముఖాన్ని సగం మింగేసింది. నిజంగా పనిచేస్తున్నట్టే ఉండాలని మూతికి గుడ్డ కూడా కట్టుకున్నాడేమో, ఊపిరి వెళ్ళి అద్దాలకి ఆవిరి పట్టేసింది. సరిగ్గా అప్పుడే, రేపు పొద్దున బాబాయిగారు కాఫీ తాగవచ్చో లేదో కనుక్కుందామని పక్కింటి పిన్నిగారు వచ్చి, ఓరగా తెరిచి ఉన్న తలుపు దగ్గర ఆగింది. చీకటి హాల్లో ఆవిడ చూసినదీ విన్నదీ ఇంతే.

"వెలుతురు కనబడుతోందా?" అని కంటి డాక్టరు మొగుడి ముఖం మీద టార్చి వేస్తోంది.

"లేదు."

"ఇటువైపు?"

"ఉహూఁ. అసలేమీ కనబడటం లేదు!"

"హమ్మయ్య!"

పిన్నిగారు వచ్చిన కాళ్ళతోనే వెనక్కి పోయింది. ఆ తరవాత పక్కింట్లో ఏం జరిగిందో గుండె డాక్టరుకు చాలాసేపటికి గాని తెలియలేదు.

"మన డాక్టరబ్బాయికి చూపు పోయిందండీ! ఆ పిల్లేమో సంబరపడుతోంది," అందట పిన్నిగారు.

"సంబరం దేనికే?" అన్నాడట బాబాయిగారు.

"దేనికేమిటి! కంటి డాక్టరు కదా, కేసు ఇంట్లోనే దొరికింది!"

పిన్నిగారు మొదట పెద్దాయనకు ఫోన్ చేసింది. తరవాత కింది వాటాలో ట్యూషన్లు చెప్పే మాస్టారికి, ఎవరికీ చెప్పవద్దని చెప్పింది.

మాస్టారు మంచివాడు. పేపరు చంకలో పెట్టుకుని వెంటనే పైకి వచ్చాడు. ఆవిరి పట్టిన అద్దాలతోనే ఎదురెళ్ళిన గుండె డాక్టరు, "రండి మాస్టారూ!" అని ఫ్రిజ్‌కి నమస్కారం పెట్టాడు. స్టూలు ఉందనుకున్న చోట కూర్చుని నేల మీద కూలబడ్డాడు. మాస్టారు ఆయన్ని లేవదీసి, పక్కన కూర్చుని, పేపరు మొదటి పేజీ నుంచి వాతావరణం దాకా పైకి చదివి వినిపించి, భుజం తట్టి వెళ్ళిపోయాడు.

"ఈయన నాకెందుకు చదివి పెట్టాడు?" అన్నాడు గుండె డాక్టరు తెల్లబోయి.

"ట్యూషన్లు తగ్గినట్టున్నాయి, పాపం. రండి, మూడో జత పెట్టుకోండి."

మూడో జత చెంపలకు అతుక్కుపోయింది. పక్కలకు అడ్డుగోడలున్నాయి, తల వెనక పట్టీ ఉంది, గాలి ఆడటానికి పైన చిన్న దారి ఉంది. గుండె డాక్టరు అద్దంలో చూసుకుని నీరుగారిపోయాడు.

"గుడ్లగూబలా ఉన్నాను. పిల్లలు జడుసుకుంటారు."

"ఎక్స్‌రేలు జడుసుకుంటే చాలు. ఎవరొచ్చినా సరే, తెర మీంచి చూపు తిప్పకండి."

ఆవిడ అన్నట్టే వచ్చారు. తలుపు తోసుకుని పెద్దాయన, ఆయన వెనక పిన్నిగారు, ఆవిడ వెనక బాబాయిగారు. గుండె డాక్టరు టీవీ వంకే చూస్తూ, "ఎవరూ?" అన్నాడు.

"నన్ను గుర్తుపట్టలేదా నాయనా!" పెద్దాయన ఆయన్ని అమాంతం కావలించుకున్నాడు. "నాకంతా తెలిసింది. ఇలాంటివి దాచుకుంటారా?"

గుండె డాక్టరు భార్య వైపు ఉరిమి చూశాడు. "చెప్పేశావా?"

"నేను చెప్పలేదు!"

"అంత పెద్దదేం కాదండీ," అన్నాడు గుండె డాక్టరు గాభరాగా. "ఎడమ కన్నే కాస్త మసక. కుడిది బాగానే ఉంది."

"విన్నారా!" పిన్నిగారు బాబాయిగారి చెయ్యి పట్టుకుంది. "ఒంటి కన్నుతో మీ గుండెలోకి తీగ తోసేవాడట!"

"నువ్వేం దిగులుపడకు," అన్నాడు పెద్దాయన. "రేపట్నించి పాఠాలు చెప్పుకుందువుగాని. బాబాయిగారి కేసు నేను చేస్తాను. ఆ గది సంగతి ఇక మర్చిపో."

గుండె డాక్టరుకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళ పని ఒక్క మాటతో చేజారిపోతే ఎవరికి ఆగుతుంది? కన్నీళ్ళు ధారగా కారాయి. అయితే అద్దాల కింద సందన్నది లేదు గనక అవి బయటికి రాకుండా లోపలే నిలిచిపోయాయి.

"చూశారా!" కంటి డాక్టరు ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టింది. "ఒక్క చుక్క కూడా కారడం లేదు! ఇవే సరైనవి!"

అందరూ ఆవిడ వంక అదోలా చూశారు. పిన్నిగారు ఇక ఉండబట్టలేక, పొద్దున తలుపు దగ్గర విన్నదంతా వెళ్ళగక్కింది. అప్పుడు గాని ఆ ఇంట్లో వాళ్ళకి సంగతి అర్థం కాలేదు. కంటి డాక్టరు టార్చి వెలిగించి, తలగడ రోగిని చూపించి, ఎడమ కంటి మసక ఎంత చిన్నదో కూడా దాచకుండా చెప్పింది. పెద్దాయన మెత్తబడ్డాడు. పిన్నిగారు మెత్తబడలేదు.

"మాటలకేం, ఎన్నయినా చెబుతారు. అవతల గుండె మా ఆయనది," అని ఇంటికెళ్ళి సూదీ దారం తెచ్చింది. "ఇది ఎక్కించు బాబూ, చూస్తాను."

గుండె డాక్టరు అద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. తల వంచి, ఊపిరి బిగబట్టి, ఒక్క ప్రయత్నంలో దారం ఎక్కించేశాడు. అద్దాలు వెంట్రుకవాసి కూడా జారలేదు. తల విదిలించాడు, గెంతాడు, తలగడ మీదికి వంగి చూశాడు. జారలేదు. గుడ్లగూబ సంగతి ఆ క్షణంలోనే మర్చిపోయాడు.

"నా అబ్బాయి నాకు దక్కాడు," అని బాబాయిగారు ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. అంతలో ఆయనకు ఏదో అనుమానం వచ్చింది. "ఇందాక కేసు తను చేస్తానన్నది పెద్దాయన కదా. ఆయన కూడా ఓసారి ఎక్కిస్తే..."

పెద్దాయన పెద్దగా నవ్వాడు. "నేనా! నా సర్వీసులో ఏనాడూ ఈ సీసం అద్దాలు పెట్టుకున్నవాణ్ణి కాను. ఏమైంది నా కళ్ళకి? ఇలా తెండి."

దారం కొస నోట్లో తడిపాడు. ఎడం పక్కకి గుచ్చాడు, కుడి పక్కకి గుచ్చాడు. దారం పీచుపీచుగా ఉందన్నాడు. దీపం వెయ్యమన్నాడు. వేశాక, దీపం మరీ ఎక్కువైందన్నాడు. చివరికి, "అదుగో, అయిపోయింది!" అని గర్వంగా చెయ్యి ఎత్తాడు. దారం నిజంగానే ఎక్కింది, సూదికి కాదు, పిన్నిగారి గాజుకి.

కంటి డాక్టరు టార్చి తీసుకుని ఆయన కళ్ళలోకి చూసింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు నిక్షేపంగా ముదిరి ఉన్నాయి.

"ఎన్నాళ్ళబట్టి ఇలా ఉందండీ?" అంది మెల్లగా.

పెద్దాయన స్టూలు కోసం తడుముకుని కూర్చున్నాడు. "తెరలే పాడయ్యాయనుకున్నానమ్మా. అందుకేగా ఏడాదిగా కేసులన్నీ వీడికే ఇచ్చి, తెరల్ని మార్పిస్తూ వస్తున్నాను."

ఆయన కళ్ళకు ఆపరేషను గుండె డాక్టరు భార్యే చేస్తానంది. ఆసుపత్రిలో అందరికీ మూడో జతే తెప్పించాలని, అది పెట్టుకోనివాడు తనైనా సరే లోపలికి రాకూడదని పెద్దాయన అక్కడికక్కడే తేల్చేశాడు. గుండె డాక్టరు ఆ పూట నిద్రపోలేదు గాని, భోజనం మాత్రం కడుపునిండా చేశాడు.

సోమవారం బాబాయిగారి గుండెలోకి తీగ ఒక్క తడబాటు లేకుండా వెళ్ళింది, అద్దాలు ముక్కు మీద నుంచి కదల్లేదు. కాకపోతే కేసు కొంచెం ఆలస్యంగా మొదలైంది. ఎక్స్‌రే గది గుమ్మంలో పిన్నిగారు సూదుల డబ్బా, దారపు ఉండా పెట్టుకుని కూర్చుంది. డాక్టర్లు, నర్సులు, చివరికి నేల తుడవడానికి వచ్చిన ఆయా కూడా తలా ఒక సూదికి దారం ఎక్కించి చూపిస్తే గాని లోపలికి పోనివ్వలేదు.

ఆ తరవాత చాలా రోజుల వరకూ పిన్నిగారికి సూదిలో దారం ఎక్కించుకునే శ్రమ లేకపోయింది.