కార్డులో లేని తెలుపు

ఆ రోజు పొద్దున అనుకున్న పని చాలా చిన్నది. ముందుగది సీలింగు మీద వాననీటి మరక ఒకటుంది. సాయంత్రంలోగా దాని మీద తెల్ల రంగు పూయించాలి, అంతే. మరునాడు ఇల్లాలి అక్క వస్తోంది. పోయినసారి వచ్చినప్పుడు అక్క మంచం మీద వెల్లకిలా పడుకుని, చాలాసేపు పైకి చూసి, "ఆ మరక ఇంకా పెరుగుతోందేమే?" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. కానీ ఆ మాట ఇల్లాలి చెవిలో అప్పటినుంచీ కాపురం పెట్టింది. చిన్నప్పటి జడ దగ్గర్నుంచి పెళ్లి ఫోటో దాకా అక్క తనది ఏదీ బాగుందని అనలేదు. ఈసారి అక్క పైకి చూడాలి. చూసి నోరు మూసుకోవాలి. కుదిరితే ఒక్క మంచి మాట అనాలి. ఇల్లాలికి కావలసింది అదొక్కటే.

పెయింటరు రంగుల కార్డు తెచ్చి బల్ల మీద పరిచాడు. అన్నీ తెలుపులే. ముత్యం తెలుపట, మంచు తెలుపట, గుడ్డుపెంకు తెలుపట. మొదట చూస్తే అన్నీ ఒక్కటే. కాసేపు చూస్తే ఏ రెండూ ఒక్కటి కావు. ఇంకాసేపు చూస్తే అన్నీ మాసిపోయినట్టే ఉన్నాయి.

"ఇవేంటయ్యా, ఉతకని దుప్పట్లలా ఉన్నాయి?" అంది ఇల్లాలు.

"ఏ దుప్పటి నచ్చిందో చెప్పండమ్మా, అదే పూసేస్తాను."

ఆమె వేలు కార్డంతా తిరిగి తిరిగి అట్టడుగున ఆగింది. "ఇదీ తెలుపంటే! ఇదే కావాలి."

పెయింటరు తల గోక్కున్నాడు. "దానికి పేరు లేదమ్మా."

"పేరు పెట్టి పిలుస్తామా ఏం? రంగు కావాలి."

ఆమె చూపించింది రంగుల గడులన్నీ అయిపోయాక మిగిలిన ఖాళీ జాగాని. అంటే ఉత్త కాగితాన్ని. పెయింటరు ఆ మాట చెప్పబోయాడు. కానీ పొద్దున్నే ఇంటావిడతో వాదన పెట్టుకుంటే మధ్యాహ్నం టీ రాదని అతని అనుభవం. కార్డు ఇంటాయన చేతిలో పెట్టి షాపుకు పంపాడు.

షాపతను కార్డు అటూ ఇటూ తిప్పి, "సార్, ఇది కాగితం" అన్నాడు.

ఇంటాయన ఫోన్ చేశాడు. "ఏమే, అది రంగు కాదట. కాగితమట."

"వాళ్ల దగ్గర లేకపోతే లేదని చెప్పమనండి, కాగితమని సాకులెందుకు? ఇంకో డబ్బా తెచ్చారంటే గుమ్మం ఎక్కనివ్వను. డబ్బానే కాదు, మిమ్మల్ని కూడా!"

ఫోన్లోంచి ఆ మాట షాపతనికీ వినబడింది. అతనూ పెళ్లయినవాడే. జాలిపడి, ఏ రంగూ కలపని ఉత్త తెలుపు డబ్బా ఒకటి తీసి ఇచ్చాడు.

మధ్యాహ్నానికి మరక మాయమైంది. సీలింగు కళ్లు నొప్పెట్టేంత తెల్లగా మెరిసింది. ఇల్లాలు నడుం మీద చేతులు పెట్టుకుని తృప్తిగా చూస్తుండగా వంటింట్లోంచి అత్తగారు వచ్చింది.

"పైన బాగానే ఉంది. మరి గోడలకేం రోగమొచ్చింది?"

అందరూ గోడల వైపు తిరిగారు. నిన్నటిదాకా తెల్లగా ఉన్న గోడలు టీలో ముంచి తీసినట్టున్నాయి.

"సీలింగొక్కటే అన్నారు కదమ్మా," అని గొణిగాడు పెయింటరు.

"అక్క పడుకుంటే సీలింగు చూస్తుంది. కూర్చుంటే గోడలు చూస్తుంది. వచ్చినప్పటినుంచీ పడుకునే ఉంటుందా?"

ఇంటాయన మళ్లీ షాపుకు వెళ్లాడు. గోడలు తెల్లబడ్డాయి. వెంటనే కిటికీలూ ద్వారబంధాలూ పచ్చకామెర్లు వచ్చినవాటిలా కనబడ్డాయి. ఇంటాయన మూడోసారి వెళ్తే షాపతను దూరం నుంచే చూసి డబ్బా తీసి అరుగు మీద పెట్టాడు. సామాను ఒక్కొక్కటే కదిలింది. మంచం వంటింట్లోకి వెళ్లింది, సోఫా గది మధ్యకొచ్చింది, ఫ్రిజ్జు వరండాలో నిలబడింది. పెయింటరుకు చేతులు చాలక, స్విచ్ బోర్డులు ఇంటాయనే అందుకున్నాడు. డబ్బాలో రంగు మిగల్చడం ఎందుకని స్విచ్చుల సందుల్లో కూడా దట్టంగా పూశాడు.

పూస్తూ కాస్త వెనక్కి జరిగి గోడకు ఆనుకోబోతే ఇల్లాలు కేక వేసింది. "ఆగండి! ఆ చొక్కా ఏంటి, అంత మాసిపోయింది?"

"నిన్న నువ్వే ఉతికావు కదే."

"అయితే ఆ గోడ దగ్గర నిలబడకండి. కాస్త నవ్వడం కూడా తగ్గించండి, పళ్లు..." అని సగంలో ఆపేసింది. ఇంటాయన ఆ పూటకి నవ్వడం మానేశాడు. మానడం పెద్ద కష్టమేమీ కాలేదు.

అత్తగారికి తన తెల్ల జుట్టంటే గర్వం. ఆవిడ అద్దంలో చూసుకుంది. అద్దంలో వెనక గోడ కూడా పడింది. "ఏమే అమ్మాయ్, నా జుట్టు పసుపుగా ఉందా?"

"అదేం లేదత్తయ్యా... కొంచెం... ఆ గోడ పక్కన..."

"సరే. రేపు మీ అక్క వచ్చేలోగా నా తలకి కూడా ఒక కోటు వేయించు!" అని ఆవిడ వెళ్లి వరండాలో ఫ్రిజ్జు పక్కన కుర్చీ వేసుకుంది.

చివరకు ఫ్యానొక్కటి మిగిలింది. దాని రెక్కలకూ పూసి, "ఆరేదాకా స్విచ్ ఎవరూ ముట్టుకోవద్దు" అని చెప్పి పెయింటరు కిందికి దిగాడు. వరండాలో అలిగి కూర్చున్న అత్తగారికి ఆ మాట వినబడలేదు. మంచినీళ్ల కోసం లోపలికొచ్చి, "అబ్బబ్బ, ఈ వాసనకి ప్రాణం పోతోంది!" అంటూ ఫ్యాను వేసింది.

"అమ్మా, వద్దు!" అని ఇంటాయన స్విచ్ మీదికి దూకాడు. అది ఆయనే పూసిన రంగులో అతుక్కుపోయింది. ఎంత పీకినా పైకి రాలేదు. మెయిన్ స్విచ్ ఎక్కడుందో గుర్తొచ్చి పరుగెత్తేలోగా రెక్కల మీది రంగంతా దిగిపోయింది. గోడలకేమీ కాలేదు. టీవీ, సోఫా, గచ్చు, పెయింటరు, ఇంటాయన మాత్రం చుక్కల చుక్కలయ్యారు. అత్తగారి జుట్టు మాత్రం గోడతో సరిగ్గా కలిసిపోయింది. ఆ మాట పైకి అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మరునాడు పొద్దున్నే అక్క దిగింది. వెంట ఒక మేస్త్రీ ఉన్నాడు, అక్క కట్టుకుంటున్న కొత్త ఇంటికి రంగులు వేసేవాడు. అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. పైకి చూసింది. గోడలన్నీ చూసింది. నోట మాట లేదు. ఇల్లాలు పమిట సర్దుకుంది. అనుకున్నది అనుకున్నట్టే జరుగుతోంది.

"రంగులు వేయించాం అక్కా. బాగుందా?"

"ఆ పాత రంగేదే?" అంది అక్క, ఏడుపు గొంతుతో.

"ఏ పాత రంగు?"

"వెన్న మీద ఎండ పడ్డట్టుండేదే, ఆ రంగు! మా ఇంటికి అదే వేయించాలని షాపులన్నీ తిరిగాను. ఎక్కడా లేదు. ఇతనికి చూపిద్దామని పట్టుకొచ్చాను. ఒక్క గోడైనా మిగల్చలేదా?"

"మరి పోయినసారి మరక పెరుగుతోందని దెప్పావు?"

"దెప్పానా? అంత మంచి రంగు తడిసి పాడైపోతుందని బెంగపడ్డానే, పిచ్చిదానా!"

ఇల్లాలు చుక్కల సోఫాలో కూలబడింది. ఇన్నేళ్లకు అక్క నోట మంచి మాట వచ్చింది. ఒక్క రోజు ఆలస్యంగా, ఆ రంగు గోడలు లేని చోటికి వచ్చింది.

"పోనీ, అది ఏ కంపెనీ రంగో చెప్పవే," అని బతిమాలింది అక్క. ఇల్లాలు ఇంటాయన వైపు చూసింది. ఇంటాయన పెయింటరు వైపు చూశాడు. గచ్చు మీది చుక్కలు గోకడానికి పొద్దున్నే వచ్చిన పెయింటరు ఆ పనిలో మునిగిపోయాడు.

"అది కంపెనీ రంగు కాదమ్మా," అంది అత్తగారు వరండాలోంచి. "అప్పుడూ ఉత్త తెలుపే వేశారు. ఈ వంటింటికి తలుపు లేదు. ఏళ్ల తరబడి నేను పోపులు వేయించిందీ, కూరలు మాడ్చిందీ, ఆ పొగంతా గోడలే తాగాయి. అది నా రంగు."

అక్క ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత మేస్త్రీతో, "మన వంటింటి తలుపు ఊడదీసెయ్" అంది. వరండాలోకి వెళ్లి అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది. "అత్తయ్యగారూ, మా ఇంటికొచ్చి కొన్నాళ్లుండండి. మీ ఇష్టం, ఎంత మాడ్చినా అడిగేవాళ్లు లేరు."

ఆ ఇంట్లో అత్తగారి పొగను మెచ్చుకున్న మొదటి మనిషి అక్కే. ఆవిడ బట్టల సంచీ నిమిషాల్లో తయారైంది. "అమ్మా, నిజంగానే వెళ్తున్నావా? మరి మాకు వంట?" అని కొడుకు అడిగితే, "గోడలు జాగ్రత్త నాయనా" అని మాత్రం చెప్పి ఆటో ఎక్కింది.

ఆ ఇంటి గోడలు ఈ రోజుకీ అంతే తెల్లగా ఉన్నాయి. పొయ్యి వెలిగించేవాళ్లు ఉంటే కదా.