అటక మీది పెట్టె, ఎడమ కాలి నొప్పి

నొప్పి పోయిన రోజు డ్రిల్లు మాస్టారికి బాగా గుర్తు. నడుములో జారిన డిస్కు నరాన్ని నొక్కి ఎడమ కాలిని ఏడిపిస్తుంటే, డాక్టరు వెన్నులో సూది వేశాడు. కొద్ది వారాల్లో నొప్పి మాయమైంది. ఆ సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు. చెబితే, చనిపోయిన భార్య బట్టల పెట్టెను అటక మీంచి దించాలి. అలా ఏడాది గడిచింది.

"ఇవాళైనా ఆ పెట్టె దించరా. బట్టలు ఎవరికైనా ఇచ్చేద్దాం," అంది అక్క, పొద్దున్నే ఇల్లు సర్దే ఉత్సాహంలో.

"ఎక్కడక్కా! ఎడమ కాలు లాగేస్తుంటేనూ!" అంటూ మాస్టారు కుడి పిక్క పట్టుకున్నాడు. పిల్లలకు ఎదురుగా నిలబడి, వాళ్లకు అద్దంలో బొమ్మలా కనిపించాలని, 'ఎడమ' అంటూ కుడి కాలు ఎత్తడం ఆయనకు ఉద్యోగంలో పట్టుబడిన అలవాటు.

"అయ్యో, రెండో కాలికీ పాకిందట్రా!"

దిద్దుకుంటే దొరికిపోతాడు. కుడి కాలితోనే కుంటాడు. అక్క, మాస్టారి అల్లుడికి ఫోన్ చేసేసరికి అది కాస్తా "రెండు కాళ్లూ కదలట్లేదు బాబూ" అయింది. అల్లుడు చక్రాల కుర్చీతో దిగాడు.

ఆసుపత్రిలో డాక్టరు మొహం చిట్లించాడు. "పోయినేడు ఎడమ కాలు కదండీ? ఇప్పుడు కుడి కాలా? ఇంకో డిస్కు జారిందేమో. స్కానింగ్ తీద్దాం. ఈసారి ఆపరేషన్ పడొచ్చు."

మాస్టారు బల్ల మీంచి దూకి, వంగి కాలివేళ్లు ముట్టుకున్నాడు. "నొప్పి లేదండీ. ఏడాదిగా లేదు."

డాక్టరు కోప్పడలేదు, మురిసిపోయాడు. "చూశారా, ఏడాదైనా తిరగబెట్టలేదు! సూది మహిమో, కాలం మహిమో చెప్పలేం. చాలామందికి కాలమే తగ్గిస్తుంది."

"అన్నీ తగ్గిస్తుందాండీ?"

"నేను కాలినొప్పి గురించే చెబుతున్నానండీ."

ఇంటికొచ్చాక అల్లుడు స్టూలు తెచ్చి అటక కింద వేశాడు. "ఇంకేం మామయ్యా, కాలు భేషుగ్గా ఉంది. ఎక్కండి."

సాకులన్నీ అయిపోయాయి. మాస్టారు స్టూలెక్కాడు. పెట్టె మీద చేయి వేసి, అలాగే ఉండిపోయాడు.

కింద అందుకోవడానికి నిలబడ్డ అక్క, ఆయన మొహంలోకి ఒకసారి చూసి చక్రాల కుర్చీలో కూలబడింది. "ఒరేయ్, దిగరా! నా నడుం పట్టేసింది. ఇవాళ్టికి నావల్ల కాదు."

"ఎటువైపక్కా?"

"ఎడమవైపురా," అంది, కుడివైపు గట్టిగా పట్టుకుని.

పెట్టె ఇంకా అటక మీదే ఉంది.