మూడో లైన్ ఎవరిది?

మా టెంట్ హౌస్‌కి ఇంటర్నెట్ ఫోన్ పెట్టించింది నేనే, ఎవరినీ అనడానికి లేదు. నెట్ ఉన్నంతసేపు దర్జాగా మోగుతుంది, పోతే గుడ్లప్పగించి చూస్తుంది. మన ఇబ్రహీంపట్నంలో రోడ్డు తవ్వని వారం ఏదో మీరే చెప్పండి. పోయిన నెల రెండు పెళ్లి ఆర్డర్లు అలాగే జారిపోయాయి. ఇక ఒక్క కాల్ కూడా పోనివ్వనని ఒట్టు పెట్టుకున్నాను.

నెట్ పోగానే కాల్ నా సెల్‌కి, అది బిజీగా ఉంటే మూడో నంబరుకి దానంతటదే మళ్లేలా సెట్టింగు పెట్టబోయాను. తీరా ఓటీపీ మా ఆవిడ స్వప్న ఫోన్‌కి వచ్చింది. దుకాణం కాగితాలన్నీ ఆమె పేరు మీదే ఉన్నాయి మరి.

"ఓటీపీ చెప్పు."

"మూడో లైన్ నా నంబర్ పెడితెనే చెప్త."

"షామియానాల సంగతి నీకేమెరుక?"

"పెండ్లయిన కాడికెళ్లి అవే ఉతికి ఆరేస్తున్న. నాకెరుక లేదా?"

"సరే, పెడ్త తియ్."

ఓటీపీ చేతికి రాగానే మాట తప్పి నా రెండో సిమ్ నంబరు కొట్టాను. రెండు సిమ్ములూ ఒకే ఫోన్‌లో ఉన్నాయని ఆ ఆవేశంలో తట్టలేదు.

శుక్రవారం పదకొండింటికి శేరిగూడ కాలేజీ శ్రీపాల్ సారు ఫోన్ చేస్తానన్నాడు. వార్షికోత్సవానికి మూడు రోజుల టెంట్లు. అది దొరికితే ఈ సీజన్‌కి బెంగ లేదు. పదిన్నరకి కేబుల్ తెగింది. మన ఏర్పాటు మనకుందన్న ధీమాతో నెట్ కంపెనీని కడిగేద్దామని నా సెల్ నుంచి ఫోన్ చేశాను. "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని పాట పెట్టారు. పట్టుదలగా విన్నాను.

టైం చూస్తే పదకొండు ఇరవై. ఒక సిమ్ బిజీ అయితే రెండోది మూగబోతుందని అప్పుడు వెలిగింది. ఏడుపొచ్చింది. ఇంటికి ఉరికాను.

"శ్రీపాల్ సార్ కాల్ పోయింది స్వప్నా! నాదే తప్పు."

"యాడికి పోతది? నాతోని మాట్లాడిండు. ఆర్డర్ ఖాయమైంది."

"నీ నంబర్ నేను పెట్టలే గద!"

"అవ్. ఓటీపీ చెప్పంగనే నీ మొఖం వెలిగిపోయింది, గప్పుడే డౌటొచ్చింది. ఇంకో ఓటీపీ తెప్పించుకొని నేనే మార్చుకున్న."



"సార్ నా గురించి అడిగిండా?"

"అడిగిండు. దుకాణంల ఇంకెవరన్న ఉన్నరా అని."

"ఏమన్నవ్?"

"‘ఒకాయన ఉన్నడు సార్, బ్యాకప్’ అన్న."