తుప్పు గోడకు జాజు పూత

కృపమణికి అన్నిటికన్నా పెద్ద భయం, తన బిడ్డ ఒంట్లోకి తుప్పు పోతుందని. దయ్యాలకు ఆమె భయపడదు, పాములకు ఓ మోస్తరుగా భయపడుతుంది, అత్తగారికి అసలే భయపడదు. తుప్పు పేరెత్తితే మాత్రం బిడ్డను చంకనేసుకుని అవతలికి పోతుంది. ఆమె చిన్నతనంలో తమ్ముడి కాలిలో తుప్పు మేకు దిగింది. ధనుర్వాతం వచ్చి, దవడలు బిగుసుకుపోయి, ఆదివారం ఆరాధన వేళకు పిల్లాడు పోయాడు. ఆ దిగులుతో తల్లి మంచం పట్టింది. ఆరో తరగతి చదువుతున్న కృపమణి బడి మానేసి పొయ్యి ముందు కూర్చుంది. అప్పటినుంచి ఆమె ఉన్న ఇంట్లో తుప్పు పట్టిన సూది కూడా ఒక పూట నిలిచింది లేదు.

అలాంటి మనిషి ఇంటికి తుప్పు గోడ వచ్చి పడింది.

కన్నడ సీమలోని హచ్చొళ్ళిలో రైసు మిల్లు వెనక ఉన్న పనివాళ్ళ ఇళ్ళ వరసలో చివరిది ఆమె ఇల్లు. భర్త హనోకు మిల్లులో ఫిట్టరు. మిల్లు యజమాని వెంకటకృష్ణయ్య, కాలవ నీళ్ళు పారగానే కోస్తా నుంచి వచ్చి, వరి పండించి, మిల్లు పెట్టిన ఆసామి. ఆయన మేనల్లుడు చెన్నకేశవరావు ఇంజనీరింగు చదివి ఆ ఏడాదే, అంటే అరవై ఏడులో, మామయ్య దగ్గర చేరాడు. వస్తూ వస్తూ లారీలో ఏదో కొత్త రకం ఉక్కు రేకులు తెచ్చాడు. వాటికి రంగు అక్కర్లేదట. తుప్పు పడుతుందట, ఆ తుప్పే తోలులా గట్టిపడి లోపలి ఉక్కును కాపాడుతుందట. బయటి దేశాల్లో ఏకంగా మేడలకే తొడుగుతున్నారట. ముందు ఒక్క ఇంటి గోడకు తొడిగి మామయ్యకు చూపిస్తానన్నాడు. ఆ ఒక్క ఇల్లూ హనోకుది అయింది. కాదు అనడం హనోకుకు చేతకాదు మరి.

రేకులను పొద్దున తడపాలి, ఎండనివ్వాలి, సాయంత్రం మళ్ళీ తడపాలి. బిడ్డకు స్నానం చేయించే నీళ్ళతో గోడకు స్నానం చేయిస్తున్న మొగుణ్ణి చూసి కృపమణి పళ్ళు కొరికింది. కొద్ది రోజుల్లోనే గోడ ఎర్రబడింది.

"ఇంజనీరప్పా, దీనికి రంగన్నా వేయించు," అంది.

"అమ్మమ్మో, రంగు తగలకూడదండీ! దాని గొప్పంతా అదేనండీ. పోనుపోనూ ఇంకా అందం వస్తుందండీ."

"మా ఇండ్లల్లో ఇనుముకు ఈ అందం వస్తే పెంటలో పారేస్తాం."

ఆ శనివారం పొద్దున కృపమణి పెట్టుకున్న పనులు పెద్దవేమీ కావు. చింతపండు నానేయాలి, బిడ్డకు తలంటాలి, ఎండ ముదరకముందే పులుసు దించాలి. బిడ్డ పేరు సామ్రాజ్యం. ఇంకా నడక రాలేదు గానీ పాకుతూనే ఇంటి సరిహద్దులు దాటిపోతోంది.

"సాయంత్రం సావుకారు గోడ చూడనీకి వస్తాండాడు," అన్నాడు హనోకు సద్దన్నం తింటూ. "ఆయప్పకు నచ్చితే వరసంతా ఇదే తొడుగుతారంట. నువ్వేమీ మాట్లాడాకు."

"నేనేం మాట్లాడతా? నన్నడిగి పెట్టినారా ఏంది?"

"ఆ మాటే ఆయన ముందర అనాకు అంటాండా."

అతను మిల్లుకు వెళ్ళాడు. కృపమణి చింతపండు నానేసి వెనక్కి తిరిగేసరికి చాప మీద బిడ్డ లేదు. బయటికి పరిగెత్తింది. సామ్రాజ్యం గోడకు రెండు చేతులూ ఆనించి, దూడ తల్లి దగ్గర చేరినట్టు చేరి, రేకు నాకుతోంది. మూతి నిండా ఎరుపు. రక్తమనుకుని కృపమణి పెట్టిన కేకకు మిల్లు మీది పావురాలు లేచిపోయాయి. కొంగుతో తుడిచి చూస్తే రక్తం కాదు, తుప్పు. రక్తమైనా బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. బిడ్డ మాత్రం రుచి కుదిరినట్టు పెదాలు చప్పరించింది.

బిడ్డ నోరు కడిగి, చిగుళ్ళు వెతికి, గాయమేమీ లేదని తేల్చుకున్నాక కృపమణి గోడ వైపు చూసింది. ఆమె భయానికి ఇక వెనక్కి జరగడానికి చోటు లేకపోయింది. పులుసుకు నానేసిన చింతపండు తెచ్చింది, పొయ్యిలోని బూడిద తెచ్చింది, బిడ్డను చంకన కట్టుకుని గోడ తోమడం మొదలుపెట్టింది.

పక్కింటి సుంకలమ్మ చేట పట్టుకుని వచ్చింది. "ఏంది కృపమ్మా, గోడ తోముతాండావు? తిక్క గాని పట్టిందా?"

"చెంబుకు పట్టిన మకిలి పోతాది గదక్కా, గోడకు పట్టింది ఎందుకు పోదు?"

సుంకలమ్మ తోమిన చోటు చూసింది, తోమని చోటు చూసింది. జీవితమంతా అంట్లు తోమిన మనిషి, చూస్తూ నిలబడలేకపోయింది. "అట్ల గాదు తోమేది. సుమ్నె, ఉత్త వేళ్ళతో రుద్దితే వస్తాదా? కొబ్బరి పీచు తే, జరుగు."

ఇద్దరు తోముతుంటే మూడో ఆమె చూసింది. కాసేపటికి వరసలోని ఆడవాళ్ళంతా ఎవరి చింతపండు వాళ్ళు తెచ్చుకున్నారు. నా మూల తెల్లగా ఉందంటే నా మూల తెల్లగా ఉందని పంతాలు పడ్డారు. మధ్యాహ్నానికి, తిరగేసిన రోలెక్కి చేయి చాస్తే అందినంత మేర, గోడ పెళ్ళి కంచంలా మెరిసింది. ఆ రోజు వరసలో ఎవరింట్లోనూ పులుసు లేదు.

అన్నానికి వస్తున్న హనోకు వెంట చెన్నకేశవరావు సైకిలు మీద వచ్చాడు. గోడను చూసి సైకిలు దిగడం మరిచి, పడ్డాడు.

"ఏవిటండీ ఇది? నా తుప్పేదండీ?"

"కడిగేసినాం. నా బిడ్డ నాకింది."

"అయ్యో, అది తుప్పు కాదండీ, తోలు! ఇన్నాళ్ళ కష్టం తోమేశారు! సాయంత్రం మామయ్య వచ్చి చూస్తే నన్ను ఊక తూర్పారబట్టే పనికి పంపిస్తాడండీ!"

"నువ్వు ఊక తూర్పారబడితే ఒంటికి మంచిదే. నా బిడ్డకు దవడలు బిగుసుకుంటే ఎవరు తెరుస్తారు?"

హనోకుకు తన ఉద్యోగం గుర్తొచ్చింది. ఉప్పు తగిలితే ఇనుము తొందరగా తుప్పు పడుతుందని మిల్లులో చూసినవాడు కనుక, బిందెడు ఉప్పునీళ్ళు కలిపి గోడ మీద కొట్టాడు. ఎండకు నీళ్ళు ఆరిపోయి ఉప్పు మిగిలింది. ఉప్పు వాసనకు సుంకలమ్మ ఎనుము తాడు తెంపుకుని వచ్చి గోడను ఆ చివర నుంచి ఈ చివరికి నాకడం మొదలుపెట్టింది. సుంకలమ్మ పెనిమిటి కనకప్ప తోక పట్టి లాగాడు, హనోకు కొమ్ములు పట్టి తోశాడు. ఎనుము ఇద్దర్నీ పట్టించుకోలేదు. తోమగా మిగిలిన మకిలి దాని నాలుకతో పోయి గోడ ఇంకా మెరిసింది.

"మళ్ళీ ఉప్పు కొట్టండి," అన్నాడు చెన్నకేశవరావు ఏడుపు గొంతుతో.

కృపమణి బిడ్డతో సహా గోడకు అడ్డంగా నిలబడింది. "ఈ గోడ మీద ఇంకొక చుక్క తుప్పు పుట్టిందంటే నేను, నా బిడ్డ ఈ పొద్దే దేశనూరు పోతాం, మా అమ్మింటికి. మీరిద్దరూ గోడతో కాపరం చేసుకోండి."

సుంకలమ్మే తెగించింది. "ఏంటికి కొట్లాట? కావలసింది ఎరుపే గదా? ఉగాదికి ఇల్లు అలికినాక మిగిలిన జాజు మా అటక మీద ఉండాది. పూసేద్దాం."

"జాజు మన్నే గదా," కృపమణి ఆలోచించింది. "మన్ను బిడ్డ ఎట్లాగూ తింటానే ఉండాది. పూసుకోండి."

జాజు కలిపి పూశారు. రంగు అచ్చంగా తుప్పే. చెన్నకేశవరావు చెమట తుడుచుకుని ఊపిరి పీల్చుకునేలోపు సుంకలమ్మ చెయ్యి ఊరుకోలేదు. జాజు పూసిన గోడకు సున్నపు గీత లేకపోతే చావు జరిగిన ఇల్లులా ఉంటుందని, అంచుల వెంట తెల్ల గీతలు లాగి, నడుమ రెండు తామర పూల ముగ్గులు కూడా వేసేసింది. తుడిచేద్దామంటే మిల్లు జీపు చప్పుడైంది.

వెంకటకృష్ణయ్య దిగి, పంచె సర్దుకుని, గోడ దగ్గరికి వచ్చాడు. చేత్తో తడిమి ఎర్రబడ్డ అరచెయ్యి చూసుకున్నాడు.

"అంటుతోందేమిట్రా?"

"కొత్తలో... అంటుతుంది మామయ్యా."

"ఈ తెల్ల గీతలు, ఈ పూలు? ఇవీ దానంతట అవే వస్తాయా?"

చెన్నకేశవరావు గబగబా పూలకు అడ్డంగా జరిగాడు. "వస్తాయి సావుకారప్పా," అంది సుంకలమ్మ, "శుక్రవారానికి శుక్రవారం వస్తాయి."

"భలే ఉందిరా! ఉక్కంటే మొండిగా ఉంటుందనుకున్నా. ఎంత లక్షణంగా ఉందీ! వరసంతా తొడిగించెయ్."

అప్పటిదాకా హనోకు కళ్ళతోనే పెడుతున్న దండాలను కృపమణి చూసీ చూడనట్టుంది. ఇక ఊరుకోలేదు. ముందుకొచ్చింది.

"వద్దు సావుకారప్పా. ఈ రేకులు మాకొద్దు. పైన ఉండేది జాజు, మేమే పూసినాం. లోపల ఉండేది తుప్పు. నా తమ్ముడు దాంతోనే పోయినాడు. ఏ బిడ్డ ఉండే ఇంటికీ ఇది వద్దు. మా ఇంటికైతే అసలే వద్దు. పనిలోనుంచి తీసేస్తే తీసెయ్యి."

హనోకు కళ్ళు మూసుకున్నాడు. చెన్నకేశవరావు ఆకాశంలోకి చూశాడు. వెంకటకృష్ణయ్య ఆమెను ఎగాదిగా చూసి, విరగబడి నవ్వాడు.

"విన్నావురా కేశవా? ఎంత గడుసుదిరా! ఉక్కుకి జాజు పూశారంట! నేనెక్కడ పీక్కుపోతానోనని ముందే వంక పెడుతోంది. సంతలో నచ్చిన ఎద్దు కనబడితే మా నాన్న కూడా ఇట్టాగే 'ఇది కుంటిదండీ' అనేవాడు. నా దగ్గరా ఈ బేరం? ఏయ్ హనోకూ, ఇంత మంచి సరుకు ఇక్కడెందుకు? రేపే విప్పి నా బంగళాకు తొడుగు. వరసకు సున్నం చాలు."

"నిజమే చెప్తాండా సావుకారప్పా!"

"అట్టాగేలే అమ్మా, అట్టాగే," అని నవ్వుతూనే జీపెక్కాడు.

మరునాడు ఆరాధన అయ్యీ కాకముందే హనోకు బోల్టులన్నీ విప్పేశాడు. అంత చురుగ్గా అతను పని చేయడం మిల్లులో ఎవరూ చూడలేదు. రేకుల వెనక ఇటుక గోడ ఎప్పటిలాగే బయటపడింది. సామ్రాజ్యం దాన్నీ ఒకసారి నాకి చూసి, ముఖం చిట్లించి, వదిలేసింది.

ఇక రేకులెక్కిన బంగళా సంగతి. వెంకటకృష్ణయ్య భార్య హనుమాయమ్మగారు ఆ వేసవికి పుట్టింటికి వెళ్ళి ఉన్నారు. తన బంగళా పాలలో ముంచి తీసినట్టు తెల్లగా ఉండాలని ఆమె పట్టుదల. వసారాలో తడికాలి గుర్తు పడితే పనిమనిషితో ఆ రోజంతా మాట్లాడరు. ఆమె తిరిగి వచ్చిన సాయంత్రమే తొలకరి కురిసింది. కొత్త రేకుల మీంచి దిగిన ఎర్రనీళ్ళు తెల్ల మెట్ల మీదుగా, తెల్ల వసారా మీదుగా, తీగ మీద ఆరేసిన తెల్లపంచెల మీదుగా వీధి దాకా పారాయి. "కొత్తలో ఇంతే అత్తయ్యా, ఇది తుప్పు కాదు, తోలు" అని చెన్నకేశవరావు నచ్చచెప్పబోయాడనీ, అంతలో లోపల గడియ పడిందనీ, ఆ గడియ అతన్ని బయట ఉంచిందో లోపల ఉంచిందో తెలియలేదనీ అటుగా పాలు పోయడానికి వెళ్ళిన కనకప్ప చెప్పాడు.

అప్పటినుంచి కృపమణికి మనసు మనసులో లేదు. ఎంతైనా అతనూ ఒక తల్లి కన్న బిడ్డే. మీలో ఎవరైనా హచ్చొళ్ళి మీదుగా వెళుతుంటే, బంగళా దగ్గర ఒక్క నిమిషం ఆగి చెన్నకేశవరావు ఎలా ఉన్నాడో చూసి రండి. హనుమాయమ్మగారిని మాత్రం అడగకండి.