ఉమ్మడి చుక్క

చక్రాన్ని ఎవరు కనిపెట్టారో చరిత్రకు తెలియదు. ఆ చక్రం పక్కన రాలే ఆయిల్ చుక్కను ఎవరు కొలవాలో మాత్రం మన వ్యవస్థకు నిక్కచ్చిగా తెలుసు: వృద్ధ వాహన స్రావ పర్యవేక్షణ కార్యాలయం, రెండో అంతస్తు, నీళ్ళు రాని కుళాయికి ఎదురుగా.

ఈ సంగతి తెలియనంత కాలం పెద్దమ్మాయి సుఖంగానే బతికింది. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమె. అందుచేత కరెంటు బిల్లు తప్పొచ్చినా, మందు సీసా మీద అక్షరాలు చిన్నవైనా, పక్కింటి వాళ్ళ ఫోన్లో బొమ్మ రాకపోయినా కబురు ఆమెకే వచ్చేది. (ఆమె చదివింది వృక్షశాస్త్రం. ఈ అభ్యంతరాన్ని ఇంతవరకు ఎవరూ పరిశీలనకు స్వీకరించలేదు.)

నాన్నకొక వ్యాను ఉంది. ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుడు కేంద్రానికి తీసుకెళ్ళి, ఉతికినవి మళ్ళీ ఆసుపత్రికి చేర్చడం దాని పని. ఇంటిల్లిపాదీ దాన్ని ముసల్ది అంటారు, అదీ ముద్దుగానే. దానికి ఈమధ్య ఇంజను కింద ఒక చిన్న జబ్బు పట్టుకుంది. ఎక్కడ ఆగితే అక్కడ ఒక చుక్క ఆయిల్ రాలుస్తుంది. అదేమంత నేరమని నాన్న అనుకున్నాడు. ఆసుపత్రి స్టోరు మేడమ్ అలా అనుకోలేదు.

"చూడు బాబాయ్, తెల్ల దుప్పట్లు మోసే బండి తెల్లటి గచ్చు మీద నల్ల చుక్క పెట్టి పోతే ఏం బావుంటుంది? సోమవారం పొద్దున్నే నేనే పోర్టికోలో నిలబడి చూస్తా. ఇంకో చుక్క కనబడిందా, ఈ పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తా" అంది.

నాన్న తిన్నగా నాడి మేస్త్రి దగ్గరకెళ్ళాడు. బానెట్ మీద అరచెయ్యి ఆన్చి, కళ్ళు మూసుకుని రోగం చెప్పే మెకానిక్ కాబట్టి ఆయనకా పేరు. నాడి చూసి అన్నాడు: "సీలు ఎండిపోయింది, అన్నాయ్. మార్చాలంటే ఇంజను విప్పాలి. విప్పడం నా చేతిలో పని. మళ్ళీ బిగించడం మాత్రం పైవాడి దయ."

"మరెలాగయ్యా?"

"పలచటి ఆయిల్ మానెయ్. అది సందు దొరికితే చాలు, జారుకుంటుంది. పాత బళ్ళ కోసమని చిక్కటి రకం దొరుకుతుంది, అది పొయ్యి. బద్ధకంగా లోపలే పడుంటుంది."

ఇంతవరకు మానవ సహజమైన వ్యవహారం. ఇక్కణ్ణుంచి ప్రభుత్వం ప్రవేశిస్తుంది.

ఆయిల్ కొట్టులో చిక్కటి డబ్బాలు పై అరలో, ఇనప జాలీకి తాళం వేసి ఉన్నాయి. పెద్దమ్మాయి వేలు చూపించగానే కొట్టాయన ముఖం గంభీరం చేసుకున్నాడు.

"చుక్క పత్రం ఉందామ్మా?"

"అదేంటండీ?"

"మీ బండి కారుతుందని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు కాగితం. అది లేకుండా ఇస్తే నా కొట్టు మూసేస్తారు. పలచటిది కావాలంటే తొట్టెడు పట్టుకెళ్ళు, ఎవడూ అడగడు."

(కుర్రబళ్ళు ముసలి వేషం వేసుకుని చిక్కటి ఆయిల్ కాజేస్తున్నాయని గతంలో ఒక కమిటీ అనుమానించింది. ఆ అనుమానం నివృత్తి కాకపోవడంతో నిబంధనగా మారింది.)

పత్రానికి దరఖాస్తు ఫోన్లోనే చేసుకోవచ్చు. ప్రజల సౌకర్యార్థం "చుక్క" అనే యాప్ తయారు చేశారు. "మీ వాహనం కారుతోందా?" అన్న ప్రశ్నకు అది మూడు సమాధానాలు ఇచ్చింది: అవును, కాదు, మరణించింది. పెద్దమ్మాయి "అవును" నొక్కింది. "ప్రస్తుతం కారుతున్న చుక్కతో సెల్ఫీ దిగండి" అంది యాప్. ఆమె వ్యాను కిందికి దూరి, చుక్క రాలే సమయానికి కళ్ళు మూయకుండా నవ్వడం నేర్చుకునేసరికి మొహమంతా నల్లబడింది. అప్పుడు యాప్ సంతోషించి, శనివారం ఉదయం స్రావాధికారి స్వయంగా వచ్చి వాహనాన్ని దర్శిస్తారని తెలియజేసింది.

పరీక్ష తేలికే. వ్యాను కింద శుభ్రమైన అట్టముక్క పరుస్తారు. అధికారి టీ తాగడం పూర్తయ్యేలోపు అట్ట మీద చుక్క పడాలి. అది రూపాయి బిళ్ళంత ఉంటే "స్వల్ప స్రావం", పత్రం ఇస్తారు. అంతకు మించితే "ఘోర స్రావం". బండిని రోడ్డు మీద నుంచి తొలగిస్తారు. అసలు పడకపోతే "నిస్స్రావం". ఆ బండికి చిక్కటి ఆయిల్ పొయ్యడం నేరం.

శనివారం రానే వచ్చింది, వెంట జీపులో స్రావాధికారీ వచ్చాడు. వాకిలి ఇరుకు కావడంతో జీపు ముసల్దాని పక్కనే, ఒళ్ళూ ఒళ్ళూ రాసుకునేంత దగ్గరగా ఆగింది. ఆయన సంచిలోంచి అట్ట తీసి, రెండు వైపులా తిప్పి చూపించి (ఇంద్రజాలికులకూ అధికారులకూ ఉన్న ఉమ్మడి అలవాటు), ముసల్దాని కింద పరిచాడు. అమ్మ టీ ఇచ్చింది. అందరూ అట్టకేసి చూస్తూ నిలబడ్డారు.

చుక్క పడలేదు.

అధికారి టీ సగమైంది. పడలేదు. పెద్దమ్మాయి వంగి అట్టను ఇంకోసారి చూసింది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, పోలీసు స్టేషను ముందు కూడా మానకుండా కారిన బండి ఇవాళ పతివ్రతలా నిలబడిందేమిటి? తిరిగి చూస్తే నాన్న స్నానం చేసి, తల దువ్వుకుని, ఎక్కడా లేని తృప్తితో మెరిసిపోతున్నాడు. ఆమెకు అనుమానమొచ్చి మెల్లగా పక్కకు లాగింది.

"నాన్నా, ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదమ్మడూ. పొద్దున కడిగి, కింద తువ్వాలు కట్టా."

"తువ్వాలా!"

"నాలుగు మడతలేసి, చంటిపిల్లకి కట్టినట్టు గట్టిగా కట్టాన్లే. పెద్దాయన ఇంటికొస్తే ఎదురుగా కారుతుందా? మనకు పరువు లేదూ?"

"కారాలి నాన్నా! కారడానికే కదా ఆయన్ని పిలిచింది!"

"అది నీ చదువు. ఇంటికొచ్చినవాడి ముందు మన లోటు బయట పెట్టుకోవడం నా వల్ల కాదు."

ఇప్పుడు పోయి తువ్వాలు విప్పుదామంటే, స్రావాన్ని దాచిన నేరం అధికారి కళ్ళెదుటే బయటపడుతుంది. విప్పకపోతే నిస్స్రావం. సోమవారం మేడమ్ పోర్టికోలో ఉంటుంది. పెద్దమ్మాయి బుర్రలో ఇన్ని శిక్షలు వరసగా తిరుగుతుండగా, అమ్మ ఖాళీ పళ్ళెం తీసుకోవడానికి వంగింది. వంగినదల్లా చీపురు లేకుండా వాకిలి ఊడ్చినట్టు, కాలితో అట్టను పక్కకు నెట్టింది. అధికారి కప్పు ఎత్తి తాగుతున్న ఆ క్షణంలో అట్ట జీపు కిందికి జారింది.

"ఇంకో చుక్క టీ పొయ్యనా అన్నయ్యా?" అంది అధికారితో, ఏమీ ఎరగనట్టు.

ఆయన పొయ్యమన్నాడు. ఆ రెండో కప్పు తాగుతుండగా అట్ట మీద మొదట ఒక చుక్క, దానికి తోడు ఒకటి, తర్వాత చుట్టాలంతా కలిసి దిగినట్టు బొటబొటా పడ్డాయి. అధికారి వంగి చూసి ఉలిక్కిపడ్డాడు.

"అమ్మాయ్, ఇది చుక్క కాదు. చెరువు. ఘోర స్రావం! ఈ బండిని ఇవాళే రోడ్డు మీంచి తీసెయ్యాలి."

నాన్న ముసల్దాని పక్కకు జరిగాడు. మూడో కప్పు పొయ్యబోయిన అమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పెద్దమ్మాయికి చిన్నప్పటి నుంచీ ఒక దురలవాటు ఉంది, నిజం చెప్పడం. అదీ ఇలాంటి సమయాల్లోనే పైకి తన్నుకొస్తుంది.

"సార్, అట్ట జరిగింది. అది మా బండిది కాదు. మీ జీపుది."

అధికారి ఒకసారి అట్టకేసి, ఒకసారి జీపుకేసి చూశాడు. జీపు మాత్రం తన మానాన తాను మాట్లాడుతూనే ఉంది, బొటబొటా.

"ప్రభుత్వ వాహనాలు కారవు" అన్నాడు అధికారి చివరికి.

"మరి ఇదేంటి సార్?"

"విడుదల చేస్తాయి."

అలా అన్నాడే గాని ఆయనా ఇబ్బందిగా కదిలాడు. అట్ట మీద పడ్డది జీపుదే అని రాస్తే, జీపు మీద ఆయన ఆయనకే దరఖాస్తు చేసుకోవాలి. సెల్ఫీ దిగాలి. తన ఇంటికి తానే తనిఖీకి వచ్చి, తన టీ తానే తాగాలి. పైగా ఘోర స్రావమని తేలితే రేపట్నుంచి కార్యాలయానికి నడక. వ్యానుదే అని రాద్దామంటే ఈ చదువుకున్న పిల్ల నోరు ఊరుకునేలా లేదు.

నాడి మేస్త్రి గేటు దగ్గరికి ఎప్పుడొచ్చాడో, తల లోపలికి పెట్టి, "రెండు బళ్ళూ ఆనుకుని ఉన్నాయి కదండీ, ఎవరిది ఎవరిదని తేలుస్తాం? అన్నదమ్ముల ఆస్తి లాంటిది" అన్నాడు.

అధికారి కళ్ళు మెరిశాయి. ఉమ్మడి! సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి, లేని పేజీ ఒకటి వెతికి, అది దొరికినట్టే చదివాడు: "ఒకే వాకిట్లో రెండు వాహనాలు ఉన్నచో సగటు తీయవలెను. మీ ముసల్ది సున్న. జీపు విడుదల, ఒక చెరువు. కలిపి, సగం చేసి, టీ తాగినంత సేపుకి సర్దితే..." వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుని, పెద్దమ్మాయి వైపు చూశాడు. "ఏమ్మా, చదువుకున్నదానివి. రూపాయి బిళ్ళంత వస్తుంది కదూ?"

పెద్దమ్మాయి నాన్న కేసి చూసింది. నాన్న ముసల్దాని తలుపు మీద చెయ్యి వేసి, ఆసుపత్రి వార్డులో కావలసిన మనిషి మంచం పక్కన నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు. వృక్షశాస్త్రంలో ఈ లెక్క లేదు.

"వస్తుంది సార్" అంది.

"స్వల్ప స్రావం!" అని ముద్ర కొట్టాడాయన. పత్రంలో వ్యాను పేరూ, జీపు పేరూ కలిపి రాశాడు. షరతు ఒక్కటే. ఉమ్మడి పత్రం మీద నెలకు వచ్చే చిక్కటి ఆయిల్ డబ్బా కూడా ఉమ్మడిదే. డబ్బు కట్టే బాధ్యత పౌరుడిది. (ప్రభుత్వం తన వాటాగా ముద్ర ఇచ్చింది.)

సోమవారం పొద్దున్న మేడమ్ పోర్టికోలో నిలబడింది. చిక్కటి ఆయిల్ తాగిన ముసల్ది వచ్చింది, ఆగింది, దుప్పట్లు దించింది, వెళ్ళింది. మేడమ్ వంగి గచ్చంతా వెతికింది. ఏమీ లేదు.

"పర్లేదు బాబాయ్, బానే చేయించావ్" అంది. నాన్న ఆ మాటను ఇంటికి తెచ్చి వారం రోజులు అందరికీ వడ్డించాడు. తువ్వాలు మాత్రం ఇప్పటికీ విప్పలేదు. మళ్ళీ ఎవరైనా పెద్దాయన వస్తే బావుండదని.

ప్రతి నెలా మొదటివారంలో జీపు తన వాటాకు వస్తుంది. అధికారి టీ తాగుతాడు, నాన్న డబ్బా సగం జీపులో పోస్తాడు, అమ్మ వాకిట్లో మరక కడుగుతుంది. ముసల్ది తన సగంతో గుట్టుగా, చుక్క బయటపడకుండా కాపురం చేసుకుంటోంది. మిగతా సగాన్ని ప్రభుత్వం ఊరంతా విడుదల చేస్తోంది.