మ్యూజియంలో మాయమైన మీసం

“ఈ రాజధానిలో నేర పరిశోధన తెలిసిన మేధావులు ఇద్దరే ఇద్దరు. రెండోవాడెవడో నాకింకా తెలియలేదు,” అని మా బావ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ప్రకటించాడు. నోటినిండా నురగ ఉండటంతో సగం ప్రకటన అద్దం మీద పడింది.

నేను తువ్వాలు పట్టుకుని వెనక నిలబడ్డాను. వేసవి సెలవుల్లో రాజధాని చూద్దామని అక్కావాళ్ళింటికి వచ్చినవాణ్ణి. రాజభవనం, నదిలో పడవ షికారు, పార్కులో పాట కచేరీ, రంగుల ఫౌంటెన్, అన్నీ దగ్గరుండి చూపిస్తానని బావే పిలిచాడు. వచ్చిన దగ్గర్నుంచీ నేను చూసింది మాత్రం బావని. పడవ ఎక్కబోతే, పడవవాడి చూపు బాగాలేదని దింపేశాడు. ఫౌంటెన్ దగ్గర ఓ ఐస్‌క్రీమ్ బండిని అనుమానించి వెంబడిస్తే ఇద్దరం ఊరి రెండో కొసన తేలాం. అక్కడ బండివాడు మమ్మల్ని చూసి జాలిపడి చెరో కప్పూ ఇచ్చాడు. బావ తన కప్పుని సాక్ష్యంగా దాచాడు. అది జేబులో కరిగింది.

బావ ఉద్యోగం కళ్ళజోళ్ళ దుకాణంలో. డిటెక్టివ్ అన్నది తనకు తాను ఇచ్చుకున్న బిరుదు. తన దగ్గర ఒక రేకు పెట్టె ఉంది. విగ్గులూ, గడ్డాలూ, మీసాలూ, అంటించుకునే పుట్టుమచ్చలూ అన్నీ అందులోనే. ఆ పెట్టె పుణ్యమా అని ఆ ఇంట్లో ఒక రూలు కూడా ఉంది. బావ మారువేషంలో ఉండగా ఎవరూ గుర్తుపట్టకూడదు. పెళ్ళయిన కొత్తలో బావ గ్యాస్ సిలిండర్ మనిషి వేషంలో వస్తే, అక్క తలుపు తీసి “చెప్పులు బయట విడిచి రండి, కూర చల్లారిపోతోంది” అందట. బావ అలిగి అన్నం మానేశాడు. ఎంత బతిమాలినా లొంగలేదు. అప్పట్నుంచీ బావ వేషం వేస్తే చాలు, అక్క చూపు చొక్కా గుండీల దగ్గర ఆగిపోతుంది. గుండీలతోనే మాట్లాడుతుంది. నాకూ వచ్చిన రోజే చెప్పింది.

“ఒరేయ్, మీ బావ ముఖానికి ఏదైనా అంటించుకున్నాడంటే మెడ పైకి చూడకు. ఈ ఇంట్లో శాంతి దాని మీదే ఆధారపడి ఉంది.”

నేను మాట తప్పలేదు. రెండు రోజుల్లో బావ గుండీలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి.

ఆ రోజు అక్క జీవితంలో పెద్ద రోజు. తను మ్యూజియంలో పనిచేస్తుంది. చేరినప్పట్నుంచీ నేలమాళిగలో కూర్చుని వస్తువుల దుమ్ము దులపడమే పని. పైన హాల్లో ఎవరెవరో పేరు తెచ్చుకునేవాళ్ళు. ఈ వేసవికి రాజధాని చూడ్డానికి వచ్చే జనం కోసం పాతకాలపు హాస్యనాటకాల మీద ఒక ప్రదర్శన పెడదామని అక్క అడగ్గా అడగ్గా, డైరెక్టర్ ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే ఒక మాట అన్నాడు.

“చూడమ్మా, ఏ తేడా వచ్చినా దీన్ని నాణేల విభాగానికి అప్పగిస్తాను. మీరు మళ్ళీ కిందికే.”

ఆ ప్రదర్శనకి ప్రాణం ఒక మీసం. వెనకటి హాస్యనటుడొకాయన స్టేజి మీద పెట్టుకున్న మీసం. పైకి మెలితిరిగి, కొసలు తేలు కొండిల్లా ఉంటాయి. ఆయన కూతురు, ఇప్పుడు పెద్దావిడ, దాన్ని ఇన్నాళ్ళూ పెట్టెలో దాచుకుని, అక్క మీద నమ్మకంతో ఇచ్చింది. హాలు మధ్య అద్దాల పెట్టెలో ఆయన ముఖం అచ్చు ప్లాస్టర్‌తో చేసి పెట్టారు. దాని పై పెదవి మీద ఆ మీసం ఉండాలి. గేటు దగ్గర పోస్టరు నిండా కూడా ఆ మీసమే, బస్సంత.

సాయంత్రం ప్రారంభం. పెద్దావిడ స్వయంగా వస్తానంది. అక్క ముందురోజే మీసాన్ని మెత్తటి బ్రష్‌తో దువ్వి, ఆరడానికి తన పనిగదిలో బల్ల మీద కాగితం పరిచి పెట్టింది.

“ఇంత విలువైన వస్తువుకి కాపలా లేదా?” అన్నాడు బావ మ్యూజియం మెట్లెక్కుతూ.

“గార్డున్నాడు కదా బావా.”

“గార్డు అందరికీ కనిపిస్తాడు. నేను కనిపించను.”

అక్క డైరెక్టర్ పిలిస్తే పైకి వెళ్ళింది. బావ రేకు పెట్టెతో పనిగదిలో దూరి, నన్ను తలుపు దగ్గర అటు తిప్పి నిలబెట్టాడు. లోపల టేబుల్ ఫ్యాన్ చప్పుడు, జిగురు వాసన. ఈ ఉక్కలో జిగురు త్వరగా ఆరదని సణుగుడు. కాసేపటికి నా పక్కన కొత్త గుండీలు ప్రత్యక్షమయ్యాయి. పువ్వుల చొక్కా, మెడలో లెన్సు లేని కెమెరా.

“నేనెవర్ని?” అంది చొక్కా.

“ఎవరో టూరిస్టులా ఉన్నారండీ,” అన్నాను గుండీలతో.

“శభాష్ బావమరిదీ.”

మేం హాల్లో ఓ చుట్టు తిరిగేసరికి అక్క వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

“మీసం లేదురా. బల్లంతా వెతికాను. కాగితం ఉంది, మీసం లేదు.”

బావకి మాత్రం నెత్తిన పాలు పోసినట్టయింది. చేతులు రుద్దుకున్న చప్పుడు వినిపించింది.

“భగవంతుడు నా మొర విన్నాడు. ఎవరూ కదలకండి. అన్ని దారులూ మూసేయండి. నేను మేధావినని చెప్పి ఇంకా పూట కాలేదు, కేసు వెతుక్కుంటూ వచ్చింది.”

“ఏవండీ, దారులు మూస్తే జనం ఎలా వస్తారు?” అంది అక్క చొక్కా మూడో గుండీతో.

“ఏవండీ ఎవరు? నేను టూరిస్టుని.”

అక్క కళ్ళు మూసుకుని తెరిచింది. “టూరిస్టుగారూ, మీకు దణ్ణం పెడతాను, ఎవరికీ చెప్పకండి. సాయంత్రంలోగా దొరక్కపోతే నా బతుకు మళ్ళీ నేలమాళిగే. అది సరే, ఆ పెద్దావిడ ముఖం ఎలా చూడను?”

ఆ మాట అని అక్క మళ్ళీ వెతకడానికి పనిగదిలోకి పరుగెత్తింది.

దర్యాప్తు మొదలైంది. మొదటి అనుమానితుడు గార్డు. ఎందుకంటే అతనికి గుబురు మీసం ఉంది. బావ మాటల్లో పెట్టి, చటుక్కున ఆ మీసం పట్టుకుని లాగాడు. అది ఊడలేదు. గార్డు కళ్ళవెంట నీళ్ళు మాత్రం వచ్చాయి.

“సొంతదే,” అని బావ నా చెవిలో ఊదాడు. “ఒక అనుమానితుడు తగ్గాడు.”

గార్డు నన్ను పక్కకి పిలిచి, “బాబూ, ఈయన్ని మళ్ళీ నా దగ్గరికి రానివ్వకు. ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి ఊరుకున్నాను,” అన్నాడు.

తర్వాత డైరెక్టర్. ఆయనకి తల మీదా మూతి మీదా కూడా వెంట్రుక లేదు కాబట్టి అసూయ బలమైన కారణమని బావ సిద్ధాంతం. ఆయన గదిలో అడుగుపెట్టేసరికి డైరెక్టర్ లేచి బావ భుజం తట్టాడు.

“ఆహా, మీసం ఎంత బాగా కుదిరిందండీ. జనం చూడగానే ఆగిపోవాలి. చాలా మంచి ఏర్పాటు.”

బావ ఛాతీ ఉప్పొంగి ఒక గుండీ తెగింది. బయటికి రాగానే అన్నాడు, “విన్నావా? వేషం అంటే అలా ఉండాలి. నేరస్థుడు కూడా మెచ్చుకోవాలి.”

“అంటే ఈయనే దొంగా?”

“మెచ్చుకున్నవాడు దొంగ కాడు. వదిలేశాను.”

హాల్లో సెలవులకి వచ్చిన జనం అప్పటికే గుమిగూడుతున్నారు. ఒక కుటుంబం మొత్తం వచ్చి బావ చుట్టూ నిలబడి ఫొటో దిగింది. ఇంకెవరో చంటిదాన్ని ఎత్తి, “అదిగో చూడమ్మా, పోస్టర్లో మీసం తాత,” అని చూపించారు. చంటిది బావ ముఖం వైపు చెయ్యి చాపింది. బావ బుగ్గ గిల్లి ముందుకు కదిలాడు.

“నా పేరు ఇంత దూరం పాకిందని నాకే తెలియదు,” అన్నాడు.

నేను గుండీల లెక్క చూసుకుంటున్నాను. ఒకటి తక్కువైంది కదా.

మధ్యాహ్నానికి ఒక ఆచూకీ దొరికింది. ఊడ్చే ఆవిడ పనిగది వైపు వెళ్తూ కనిపిస్తే బావ అడ్డగించి, “పొద్దున ఈ గదిలో ఏం జరిగింది? నిజం చెప్పు, ప్రాణం కాపాడతాను,” అన్నాడు.

“నా ప్రాణానికేమైంది? ఊడ్చాను,” అందావిడ. “ఫ్యాన్ కింద నేల మీద ఏదో బొచ్చుపురుగు పడుంది. చీపురుతో రెండు దెబ్బలేసి ఎత్తిపోశాను.”

అక్క అక్కడే గోడకి చేరగిలబడింది. తర్వాత ముగ్గురం వెనక పెరట్లోని చెత్తడబ్బా మీద పడ్డాం. రాజధానిలో నేను అంత దగ్గరగా చూసిన మొదటి దర్శనీయ స్థలం అదే. టికెట్ ముక్కలూ, అరటి తొక్కలూ, పగిలిన నీళ్ళ సీసాలూ దాటాక బావ చెయ్యి పైకి లేచింది. వేళ్ళ మధ్య నల్లటి మీసం.

“కేసు ముగిసింది.”

అక్క ఆత్రంగా లాక్కుని చూసి, వేళ్ళతో నలిపి, వదిలేసింది. “ఇది కాదు. ఇది నైలాన్. ఏ బొమ్మల కొట్లోనో కొన్నది.”

బావ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. “వింతగా ఉందే. అచ్చం నాదానికి కవలలా ఉంది. కానీ నాది నా మూతి మీదే ఉంది.” మూతి తడుముకున్న చప్పుడు వినిపించింది. “ఆఁ, ఉంది. అంటే అర్థమైందా బావమరిదీ? దొంగ అసలుది పట్టుకుపోయి నకిలీ వదిలాడు. వాడు మామూలువాడు కాదు. నా ఎత్తుకి తగ్గ ప్రత్యర్థి.”

నాకెందుకో మనసులో ఏదో మెదిలింది. తలెత్తి చూద్దామనుకున్నాను. అలవాటు కొద్దీ చూపు మళ్ళీ గుండీల దగ్గరే ఆగిపోయింది.

సాయంత్రమైంది. ఎండ దిగినా హాల్లో ఉక్క దిగలేదు. జనం కిక్కిరిసి ఉన్నారు. అద్దాల పెట్టె మీద గుడ్డ కప్పి ఉంది. లోపల ప్లాస్టర్ ముఖం బోడిగా ఉన్న సంగతి మాకే తెలుసు. పెద్దావిడ చేతికర్ర ఆనించుకుంటూ వచ్చింది. అక్క ఆవిణ్ణి పెట్టె పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, తనే ముందు గుడ్డ తీసి, అద్దం తలుపు కూడా తెరిచేసింది.

“అమ్మా, మీ నాన్నగారి మీసం నా చేతిలోనే పోయింది. కాపాడలేకపోయాను. ఎవరో చెప్పేకంటే నేనే చెప్పాలనిపించింది.”

డైరెక్టర్ ముఖం కందగడ్డలా అయింది. “పోవడమేమిటి? పొద్దున్నుంచీ నాకెందుకు చెప్పలేదు? నాణేల ఆఫీసరుగారెక్కడ, పిలవండి.”

అక్క తల దించుకుంది. పెద్దావిడ ఏదో అనబోయింది. అంతలో బావ జనాన్ని తోసుకుంటూ మధ్యలోకి వచ్చాడు.

“ఆగండి. నేరస్థుడు ఈ గదిలోనే ఉన్నాడు.”

పెద్దావిడ బావ ముఖం వైపే అదేపనిగా చూస్తోంది.

“పనిగది నేల మీద జిగురు చుక్కలున్నాయి. అంటే వాడికి జిగురుతో పని. కిటికీ గడియ పెట్టే ఉంది. అంటే దర్జాగా తలుపులోంచే వచ్చాడు. బూటు గుర్తులు కొలిచాను, సరిగ్గా నా సైజు. పొద్దున్నుంచీ మన మధ్యే తిరుగుతున్నాడు, మనందరితో ఫొటోలు దిగుతున్నాడు, మన ముఖాల్లోకి చూసి నవ్వుతున్నాడు. వాడెవడో తెలియాలంటే,” అంటూ బావ తెరిచిన పెట్టె మీదికి వంగాడు, “వాడు ఇక్కడ, ఇలా వంగి…”

ఉక్కకి రోజంతా కారిన చెమట అప్పటికే సగం పని చేసిపెట్టింది. పెట్టెలో దుమ్ము ముక్కుకెక్కింది. బావ తుమ్మాడు. మీసం ఊడి, గాల్లో ఒక పల్టీ కొట్టి, ప్లాస్టర్ ముఖం గడ్డానికి అంటుకుంది.

నేను రూలు మర్చిపోయి తలెత్తాను. అక్క కూడా తలెత్తింది. బావ బోడి మూతితో, నోరు తెరుచుకుని, పెట్టెలోకి చూస్తున్నాడు. పొద్దున తన నైలాన్ మీసానికి జిగురు రాసి అక్క బల్ల మీద ఆరబెడితే ఫ్యాన్ గాలికి అది కింద పడింది. మూతికి రాసుకున్న జిగురు మీదికి చేతికందిన రెండో మీసం, అంటే అసలుది, ఎక్కింది. రోజంతా రాజధాని మొత్తం దాన్ని చూసింది, మేం ఇద్దరం తప్ప.

బావ నిటారుగా నిలబడి మీసం వైపు వేలు చూపించాడు. “అదిగో. ఈ గదిలోనే ఉన్నాడని చెప్పలేదూ?”

ముందుగా నవ్వింది పెద్దావిడ. చిన్న నవ్వు కాదు, కర్ర కింద పడేసి కుర్చీలో ఊగిపోయేంత నవ్వు. ఆవిణ్ణి చూసి హాలంతా గొల్లుమంది. చప్పట్లు మోగాయి. మళ్ళీ తుమ్మమని వెనకనుంచి ఎవరో అడిగారు.

“మా నాన్న మీసం ఊడకుండా నాటకం ముగిసిన రోజు లేదమ్మాయ్,” అంది పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ. “కావాలనే జిగురు తక్కువ రాసుకునేవాడు. ఆయన పోయాక దీన్ని పెట్టెలోంచి తీసినప్పుడల్లా ఏడుపే వచ్చేది. ఇన్నాళ్ళకి మళ్ళీ నవ్వొచ్చింది. ఇంక తిరిగి ఇవ్వకు. నీ దగ్గరే ఉండనీ, నువ్వే చూసుకో.”

డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. ఇదంతా ముందే అనుకున్న కార్యక్రమమని ఆయనకప్పుడే నమ్మకం కుదిరింది. “అద్భుతం అమ్మా. వేసవి అయ్యేదాకా రోజూ సాయంత్రం ఈ ఆట ఉండాలి. ప్రదర్శన మీదే, మీరే చూసుకోండి.”

“అలాగే సార్,” అంది అక్క. “అసలు మీసం మాత్రం పెట్టెలోంచి కదలదు. ఈయనకి నైలానే ఎక్కువ.”

ఇంటికి అక్కా నేనూ ముందు చేరాం. బావ జనంతో ఫొటోలు దిగి వెనకగా వచ్చాడు. పువ్వుల చొక్కా మార్చుకున్నాడు. ముఖాన ఏమీ లేదు. బెల్లు కొడితే అక్క తలుపు సగం తీసి, గుమ్మంలోనే నిలబడింది.

“ఎవరు కావాలండీ?”

“నేనేనే. వేషం తీసేశాను కదా.”

“నాకెలా తెలుస్తుంది? ఆ ముఖం సరిగ్గా చూసి ఎన్నేళ్ళయిందో.”

బావ అలవాటు కొద్దీ మూతి తడుముకున్నాడు. అక్క తలుపు పూర్తిగా తీసి, గడ్డం పట్టుకుని బావ ముఖాన్ని దీపం వైపు తిప్పింది. జిగురుకి పై పెదవి ఎర్రగా కమిలి ఉంది.

“రండి, కొబ్బరినూనె రాస్తాను. ఇవాళ్టినుంచీ ఈ ఇంట్లో రూలు లేదు.”

భోజనాల దగ్గర అక్క బావ ఎదురుగా కూర్చుని నిదానంగా చూస్తోంది. ఇన్నాళ్ళ బాకీ నేనూ తీర్చుకుంటున్నాను. బావ ముద్ద కలిపాడు, దించాడు, మళ్ళీ కలిపాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“అందరూ అలా చూస్తూ ఉంటే,” అన్నాడు చివరికి, “మనిషి అన్నం ఎలా తింటాడు?”