గిరిజమ్మ వేలూ వీరప్ప ప్రాణమూ

మగవాడు నిండా నూరేళ్ళు బతకాలంటే పెళ్ళాం కాలి బొటనవేలు వంకర తిరగాలి. నవ్వకండి! నోములు, ఉపవాసాలు, విటమిన్ గోలీలు అన్నీ దీని తర్వాతే. జహీరాబాద్ గంజ్‌లో బెల్లం దుకాణం నడిపిన వీరప్ప సంగతి వింటే మీరూ ఒప్పుకుంటారు.

వీరప్ప భార్య గిరిజమ్మ. ఆమె కుడికాలి బొటనవేలి మొదట్లో ఎముక బుడిపెలా పొడుచుకొచ్చింది. ఎముక బయటికి వస్తే వచ్చింది, వేలేమో లోపలికి తిరిగి పక్కవేలి మీదికి ఎక్కి కూర్చుంది. మెట్టె ఉండేది ఆ పక్కవేలికే కదా! ఇక ఆ మెట్టె జారదు, ఊడదు, ఎక్కడా పోదు. ఇంటికి తాళం వేసుకునేవాళ్ళున్నారు, బీరువాకు వేసుకునేవాళ్ళున్నారు. మొగుడి ప్రాణానికి తాళం పడిన ఇల్లు మాత్రం ఊరు మొత్తానికి అదొక్కటే.

నొప్పా? ఉండేది. పొద్దున్నే పొయ్యి ముందు గొంతుక్కూర్చుని జొన్నరొట్టెలు చేస్తుంటే బరువంతా ఆ వేలి మీదే పడేది. లేవాలంటే గోడ పట్టుకోవాలి. చెప్పులు వేసుకుంటే బుడిపె ఒరుసుకుపోయేది, వేసుకోకపోతే అరికాళ్ళు కాలేవి. అయినా ఆ మాత్రం నొప్పి లేకుండా మొగుడి ఆయుష్షు ఊరికే పెరుగుతుందా? న్యాయంగా ఆలోచించండి!

పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో ఆమెను పట్నం తీసుకుపోయి దవాఖానలో చూపించారు. ఎత్తు మడమల బూట్లు తొడుగుతుందా అని డాక్టరు వీరప్పను అడిగాడు. కోహీర్ చేలల్లో వట్టికాళ్ళతో పెరిగిన గిరిజమ్మ, తన మీద ఏదో నేరం మోపుతున్నారనుకుని బిత్తరపోయింది. పొడుచుకొచ్చిన ఎముక చెక్కేసి, అరిగిన కీలును అతికించేస్తానన్నాడు డాక్టరు. నొప్పి పోతుంది, వేలు మాత్రం జన్మలో వంగదు, గొంతుక్కూర్చోవడం కష్టం, అదొక్కటే బాగా ఆలోచించుకుని రమ్మన్నాడు. మెట్టె ఎలాగూ తీయాల్సి ఉంటుందని చివర్లో ఒక మాట కలిపాడు.

వేలు వంగకపోతే గిరిజమ్మ ఎట్లా బతకాలో ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు. ఆ చివరి మాటనే అందరూ పట్టుకున్నారు.

"మొగడు బతికుండంగ మెట్టె తీసుడు మా వంశంల లేదు" అని తేల్చేసింది అత్తగారు సంగమ్మ.

వీరప్ప మూఢనమ్మకాల మనిషి కాడు. ఇంట్లో రేడియో ఉంది, చేతికి గడియారం ఉంది, గ్రహణం రోజు కూడా కడుపునిండా తినేవాడు. కానీ తీసి చూడటానికి ఇదేమన్నా బెల్లం ముక్కా? తీశాక తేడా వస్తే ఎవరితో చెప్పుకోవాలి? అందుకని ఆపరేషన్ శివరాత్రి అయ్యాక అన్నాడు. శివరాత్రి వెళ్ళాక ఉగాది అన్నాడు. ఉగాది వెళ్ళాక దసరా అన్నాడు. అట్లా ఏళ్ళు గడిచాయి.

ఈలోగా ఆ బుడిపె వల్ల ఇంటికి జరిగిన మేలు ఇంతా అంతా కాదు! బస్‌స్టాండు దాకా నడవలేదు కనుక గిరిజమ్మకు పుట్టింటి ధ్యాస తగ్గింది. ఝరాసంగం జాతరకు పోదామన్న పోరు లేదు. పక్కింటి మనోరమతో వాకిట్లో నిలబడి ముచ్చట్లాడటం బందయింది. మనిషి ఎప్పుడూ ఇంట్లోనే ఉండేది, పిలిస్తే పలికేది. పైగా వీరప్పకు ఎంత ప్రేమంటే, బుడిపె బయటికి వచ్చేట్టు ఆమె చెప్పుకు కన్నం కోయించి తెచ్చాడు! అటువంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడని వాడంతా చెప్పుకున్నారు.

చివరికి మెట్టె కింద చర్మం తెగి పుండయింది. వేలు వాచి మెట్టె మాంసంలోకి దిగబడింది. తాళం మరీ గట్టిగా పడిందన్నమాట.

ఒకరోజు పొద్దున వీరప్ప రొట్టె ముందు కూర్చున్నాడు. దసరా దగ్గరికొచ్చింది కనుక దీపావళి మాట ఎత్తబోయాడు. గిరిజమ్మ పెనం మీది నుంచి చూపు తిప్పకుండానే అంది.

"మీ పానం నా వేలికి కట్టి ఉన్నదంటున్రు. గా వేలు మీదనే కూసోని ఇన్నేండ్ల సంది మీకు రొట్టెలు చేస్తున్న. ఇగ నాతోని కాదు. రేపు పట్నం పోత. వస్తె రాండ్రి."

ఆ ఇంట్లో ఆమె "పోత" అనడం అదే మొదలు. పెనం మీది రొట్టె తిరగేసింది, అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. వీరప్ప వెంట వెళ్ళాడు. ప్రాణం అటు పోతుంటే ఆయన ఇంట్లో ఎట్లా కూర్చుంటాడు?

దవాఖానలో మెట్టె ఎట్లాగూ తీస్తారు కనుక, దాని బదులు వేలికి ముందే పసుపుదారం కట్టి పంపింది సంగమ్మ. ఆపరేషన్ గదిలో నర్సు మెట్టె ఊడదీసి, ఆ దారాన్నీ కత్తిరించేసింది. సంగతి తెలిసిన వీరప్ప వరండాలో బెంచీ మీద కూలబడి తన నాడి తనే పట్టుకు చూసుకున్నాడు. కొట్టుకుంటూనే ఉంది. ఎడమకాలి మెట్టె అట్లాగే ఉంది కనుక సగం ప్రాణానికి ఢోకా లేదని సర్దుకున్నాడు.

పట్టీ విప్పాక చూస్తే వేలు నిటారుగా నిలబడింది. చెప్పినట్టే, ఎంత తంటాలు పడ్డా వంగలేదు. ఆహా, వంగని వేలి మహిమ ఏమని చెప్పను! నేల మీది పొయ్యి గట్టెక్కింది. గిరిజమ్మ కోసం వసారాలోకి ఒక కుర్చీ వచ్చింది. అత్తగారి ముందు ఆమె కుర్చీలో కూర్చుంటే వరుణదేవుడు కోపించలేదు, ఆ యేడు వానలు బాగానే పడ్డాయి. మంచినీళ్ళ కుండ ఎక్కడుంటుందో వీరప్ప కనిపెట్టాడు. గిరిజమ్మ మనోరమను వెంటబెట్టుకుని ఝరాసంగం జాతరకు పోయింది. రథం వెంట నొప్పి లేకుండా నడిచి, నడుస్తూనే సంతోషం పట్టలేక ఏడ్చింది.

ఇక మిగిలింది మెట్టె. దానికీ సంగమ్మే శాసనం చేసింది.

"తీసిన మెట్టె మల్ల మొగడే తొడగాలె. లగ్గంల తొడిగినట్లు."

మంచిరోజు చూశారు. వాడలోని ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. పీట మీద కూర్చుంటే లేవడం కష్టం కనుక గిరిజమ్మ కుర్చీలోనే కూర్చుని కాలు ముందుకు చాపింది. వీరప్ప మెట్టె చేతిలో పట్టుకుని నేలకేసి చూశాడు, కుర్చీకేసి చూశాడు, వచ్చిన జనానికేసి చూశాడు. లగ్గం నాడు వంగాడు నిజమే, కానీ అది పెద్దలు చెప్పింది చేసే వయసు. ఇప్పుడు గంజ్‌లో నలుగురు నమస్తే పెట్టే మనిషి, పట్టపగలు, పెళ్ళాం కాళ్ళ దగ్గర కూర్చోవడమా?

దుకాణానికి లారీ వచ్చి ఉంటుందని గొణిగి, మెట్టెను దేవుడి గూట్లో పెట్టి వెళ్ళిపోయాడు.

మళ్ళీ ముహూర్తం శివరాత్రి అయ్యాక అన్నాడు. తర్వాత ఉగాది అన్నాడు. తర్వాత దసరా. గిరిజమ్మ ఒక్కనాడూ గొడవ పడలేదు.

"ఫికర్ చెయ్యకుండ్రి. నా కాలు గీడనే ఉంటది. మీకు పానం మీద తీపి పుట్టిన్నాడు రాండ్రి" అని మాత్రం అంది.

మెట్టె గూట్లో నల్లబడింది. వీరప్ప దిట్టంగా ఉన్నాడు, రెండు పూటలా రొట్టెలు తింటున్నాడు.

కాబట్టి పాఠకులారా, మొదట్లో చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. వీరప్ప ప్రాణం ఆ మెట్టెలో ఏనాడూ లేదు, ఆ సంగతి ఆయనకు మొదటినుంచీ తెలుసేమో కూడా! ఆ ఇంట్లో వంగని కీళ్ళు రెండున్నాయి. గిరిజమ్మ వేలిది డాక్టరు అతికించాడు. వీరప్ప నడుముది ఏ డాక్టరూ ముట్టుకోకుండానే అతుక్కుపోయింది. ఇన్నేళ్ళూ నొప్పి మాత్రం ఆమె ఒక్కతే పడింది.